తొడ మీద ఆగిన బరువు

ఉస్తాద్ నన్ను మొదటిసారి కొట్టింది నడుముకు కట్టుకునే తోలు బెల్టుతో. నేను చేసిన తప్పల్లా నేల మీదున్న ఇనుప రాడ్డును దాటడం. ఆ జిమ్‌లో రాడ్డును దాటకూడదట. చుట్టూ తిరిగి వెళ్లాలట. పొరపాటున కాలు తగిలితే వంగి ముట్టుకుని కళ్లకద్దుకోవాలట. చేరిన మొదటి రోజు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. బెల్టు వీపు మీద పడ్డాక చెప్పారు.

"తొక్కుకుంట పోతవేందిరా? నీ మిల్లు అనుకున్నవా?" అన్నాడు ఉస్తాద్.

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. అందరికంటే గట్టిగా నవ్వింది ఉస్తాద్ తమ్ముడు.

అది 2009. ఇంటర్ తప్పాక ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి ఒక రైస్ మిల్లులో హమాలీగా చేరాను. పొద్దంతా వడ్ల బస్తాలు లారీ నుంచి దించడం, బియ్యం బస్తాలు లారీకి ఎక్కించడం. నా పక్కన పనిచేసేవాళ్లు సాయంత్రం కల్లు దుకాణానికి పోయేవారు. నేను జిమ్‌కు పోయేవాణ్ని. అది ఉస్తాద్ నడిపే ఒక రేకుల షెడ్డు. అద్దాల ముందు నిలబడి కండలు చూసుకునేవాళ్లు ఒక వైపు, పోటీలకు బరువులెత్తేవాళ్లు ఒక వైపు. నేను రెండో వైపు పోయాను. అద్దంలో చూసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. బరువెత్తడం మాత్రం వచ్చు.

ఈ పోటీలు తెలియనివాళ్ల కోసం చెప్తాను. మూడు రకాలుగా ఎత్తాలి. రాడ్డును భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం ఒకటి. బల్ల మీద పడుకుని ఛాతీ దాకా దించి పైకి నెట్టడం ఒకటి. చివరిది డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది రాడ్డును పట్టుకుని నిటారుగా నిలబడడం. ఒక్కోదానికి మూడు అవకాశాలు. మూడు రకాల్లో ఎత్తినవి కలిపి ఎవరి మొత్తం ఎక్కువైతే వాడిదే గెలుపు. ముగ్గురు రెఫరీలు కూర్చుంటారు. ఇద్దరు తెల్ల జెండా చూపిస్తే ఎత్తినట్టు, ఇద్దరు ఎర్రది చూపిస్తే ఎత్తనట్టు. ఏ ఒక్క రకంలో మూడుసార్లూ తప్పినా మిగతావి ఎంత ఎత్తినా లెక్కలోకి రావు. పోటీలో లేనట్టే.

డెడ్‌లిఫ్ట్ నాకు మొదటి రోజే వచ్చింది. ఉస్తాద్ తమ్ముడు మూడేళ్లుగా సాధన చేస్తున్న బరువును నేను చెప్పులు విప్పి ఎత్తేశాను. షెడ్డులో నవ్వు ఆగిపోయింది. తమ్ముడి ముఖం చూశాను. ఇద్దరం ఒకే బరువు విభాగం. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో నాకు నీళ్ల గ్లాసు కూడా తిన్నగా అందలేదు.

పేరు పెట్టి పిలిచినవాడు లేడు. "మూట" అనేవారు. "మూట వచ్చిండు, మూట పోయిండు." నా వంతు వచ్చేసరికి రాడ్డుకు తగిలించే ఇనుప బిళ్లలు దాచేవారు. ఒకసారి బల్ల మీద పడుకుని ఎత్తుతుంటే, పైన నిలబడి కాపు కాయాల్సిన తమ్ముడు చేతులు తీసేసి పక్కకు తిరిగాడు. రాడ్డు ఛాతీ మీద పడి, మెడ వైపు దొర్లింది. గొంతు మీద ఇనుము ఆనింది. ఎలా దొర్లించి పడేశానో తెలియదు. లేచి వాడి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాను. రేకులు మోగాయి. ఉస్తాద్ వచ్చి ఎవరిది తప్పని అడగలేదు. బెల్టు నా మీదనే పడింది.

"పానం పోతుండె అన్నా," అన్నాను.

"పోలే గదా," అన్నాడు.

అయినా మానలేదు. ఎందుకు మానాలి? నెల రుసుము అందరిలాగే నేనూ కట్టాను. నాకు కావలసింది ఒక్కటే. నేను ఎత్తిన బరువు ఎత్తినట్టు నలుగురి ముందు ఒప్పుకోవాలి. షెడ్డులో ఎత్తితే "మూట లేపుడు" అని కొట్టిపారేస్తున్నారు. జెండాలు లేచే చోట ఎత్తితే ఎలా కొట్టిపారేస్తారు?

జిల్లా పోటీ కామారెడ్డిలోనే ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఉద్యమం రోజులు. బంద్‌ల వల్ల రెండుసార్లు వాయిదా పడి, చివరికి 2010 వేసవిలో జరిగింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే వేదిక మీద చెక్కలు పరిచి, దాని మీద రాడ్డు పెట్టారు. మధ్యలో కూర్చున్న రెఫరీ నిజామాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన, తెల్ల చొక్కా, తెల్ల మీసం.

మొదటి రెండు రకాలూ గడిచాయి. తమ్ముడి కంటే కొంచెం వెనక ఉన్నాను. పర్వాలేదు, డెడ్‌లిఫ్ట్ నాది. వెళ్లి వంగాను, పట్టుకున్నాను, లేచాను. నిలబడ్డాను. మూడు జెండాలూ ఎర్రవి.

అర్థం కాలేదు. ఎత్తాను కదా, నిలబడ్డాను కదా. రెండోసారి ఇంకా గట్టిగా లేపాను. మళ్లీ మూడూ ఎర్రవే. ఉస్తాద్ కుర్చీల వరుసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "అన్నా, ఏం తప్పయితుందే?" అని వేదిక మీది నుంచి అరిచాను. ఆయన చేతులు ఊపి, "గుంజు, ఇంకా గుంజు!" అన్నాడు. గుంజాను. చేతివేళ్ల సందుల్లో చర్మం లేచిపోయింది. మూడోసారీ మూడూ ఎర్రవే.

నిజామాబాద్ పెద్దాయన కుర్చీ దిగి నా దగ్గరికి వచ్చాడు. "తొడ మీద ఆపుతున్నవు బిడ్డా. రాడ్డు తొడకు ఆనించి, మోకాళ్లు వంచి, ఆడికెల్లి ఎగదోస్తున్నవు. గట్ల చెయ్యొద్దు. ఒక్క తీరుగ పైకి రావాలె. నీకెవ్వరు చెప్పలేదా?"

హమాలీ బస్తా ఎత్తే పద్ధతే అది. నేల మీంచి ఒక్క ఊపున ఎవడూ వీపు మీదికి ఎత్తడు. ముందు తొడకు చేరుస్తాడు, తొడ మీద ఒక్క క్షణం నిలిపి ఊపిరి తీసుకుంటాడు, అప్పుడు మోకాళ్లతో ఎగదోస్తాడు. అలా చేయకపోతే నడుము ఒక సీజన్ కూడా నిలవదు. మిల్లులో అది తెలివి. వేదిక మీద అది దొంగతనం అట.

నా కోపం పెద్దాయన మీద కాదు. నియమం నియమమే. ఏడాదిపాటు రోజూ నేను అలా ఎత్తుతుంటే ఎదురుగా నిలబడి చూసినవాడున్నాడు కదా, వాడి మీద. వేదిక దిగి తిన్నగా ఆయన దగ్గరికి పోయాను.

"నీకు తెల్సు గదనే?"

"తెల్సు."

"మరి చెప్పలేదేంది?"

ఉస్తాద్ లేవను కూడా లేవలేదు. "చెప్తే మా తమ్ముడు రెండో నంబర్‌కు పోతుండె," అన్నాడు నవ్వుతూ. "అయినా మూటలు మోసెటోనికి మూట లెక్కనే వస్తది గని, ఎన్ని చెప్పినా మారుతవారా?"

తలతో కొట్టాను. చేతులు పచ్చి పుళ్లుగా ఉన్నాయి, పిడికిలి పట్టలేను. నుదురు వెళ్లి ఆయన ముక్కు మీద పడింది. లోపల ఏదో విరిగిన శబ్దం నా తలలో వినిపించింది. తర్వాత కుర్చీలు లేచాయి. జిమ్ వాళ్లంతా మీద పడ్డారు. భోజనాలు పెట్టే హాల్లోకి ఈడ్చుకుపోయి, చేతులు కడుక్కునే తొట్టి కింద పడేసి తన్నారు. పక్కటెముకల్లో తన్నినవాడు తమ్ముడు. ముందు పన్ను విరగ్గొట్టింది ఉస్తాద్ బెల్టు బకిల్. ఆ పన్ను మింగేశాను, వాళ్ల ముందు ఉమ్మడం ఇష్టం లేక.

జిల్లా సంఘం వాళ్లు తీర్పు చెప్పారు. ఉస్తాద్‌కు అందరి ముందూ క్షమాపణ చెప్తేనే మళ్లీ పోటీల్లోకి రానిస్తామన్నారు. ముందు ఆయన నాకు చెప్పాలన్నాను. దాచినందుకు ఒకటి, పన్నుకు ఒకటి. అంతే, తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత జరిగిన ప్రతి జిల్లా పోటీకీ పోయి ముందు వరుసలో కూర్చున్నాను. చప్పట్లు కొట్టలేదు, అరవలేదు. కూర్చున్నానంతే. నన్ను చూసి వాళ్లకు కడుపు మండాలి. మండింది కూడా. ఒకసారి నా కుర్చీ కింద బురద నీళ్లు పోశారు. అందులోనే కాళ్లు పెట్టుకుని చివరిదాకా చూశాను.

మిల్లు మానేసి ఎల్లారెడ్డికి వచ్చేశాను. అక్కావాళ్లు అక్కడే ఉంటారు. బావది వెల్డింగ్ షాపు. ట్రాలీలు, నాగళ్లు, గేట్లు చేస్తాడు. మాటలు తక్కువ, చెయ్యి జోరు. షాపు వెనకాల ఖాళీ జాగాలో ఒక పాత షాఫ్టును రాడ్డులా కోసి, ఇనుప రేకు గుండ్రంగా కోసి బిళ్లలు చేసి ఇచ్చాడు.

"నాకు ఒళ్లు మాట వింటలేదు బావా," అన్నాను. "రాడ్డు తొడ దగ్గరికి రాంగనే మోకాళ్లు అవ్వే వంగుతున్నయ్."

"అయితే ఏం జేద్దాం?"

"ఆగినప్పుడల్లా కొట్టు."

"దేనితోని?"

ట్రాక్టరు ఫ్యాన్ బెల్టు ఒకటి మేకుకు వేలాడుతోంది. అది చూపించాను. బావ నా ముఖంలోకి చూసి, "మల్ల మీ అక్కకు చెప్పొద్దు," అన్నాడు.

అలా మొదలైంది. పొద్దున షాపు తెరవకముందు నేను ఎత్తేవాణ్ని, బావ పక్కన నిలబడేవాడు. రాడ్డు తొడ మీద రవ్వంత నిలిచిందా, రబ్బరు బెల్టు అదే తొడ మీద పడేది. బావకు జాలి పడడం రాదు. ఇనుమును కొట్టే చెయ్యి అది. తొడలు నల్లబడ్డాయి, పగిలాయి, ప్యాంటు అంటుకుని నీళ్లు పోస్తే గాని ఊడేది కాదు. ఒకరోజు అదే చోట వరుసగా పడేసరికి నాకు కళ్లు చీకట్లు కమ్మాయి. రాడ్డు వదిలేసి బావ మూతి మీద గుద్దాను. ఆయన పెదవి చీలింది. తుడుచుకోలేదు, నా కడుపులో తన్నాడు. ఇద్దరం ఇనుప తుక్కులో పడి దొర్లాము. నా వీపులో రేకు ముక్క దిగింది. అక్క వచ్చి, కాలిన ఇనుము ముంచే బకెట్ నీళ్లు ఎత్తి ఇద్దరి మీదా గుమ్మరించింది.

"కుక్కలు గూడ గిట్ల కొట్లాడయి! ఎవని మీది కోపం ఎవని మీద తీస్తున్నర్రా?"

"వాడే కొట్టుమన్నడు," అన్నాడు బావ, నెత్తురు మింగుతూ.

"కొట్టుమంటె కొడ్తవా? సావుమంటె సస్తవా?"

"తొడ మీద ఆపిండే మరి," అన్నాడు.

మరునాడు పొద్దున మళ్లీ ఇద్దరం అక్కడే ఉన్నాం.

2013లో జిల్లా సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. ఆయన దగ్గరికి పోయి మొదటి నుంచి చివరిదాకా మొత్తం చెప్పాను. మధ్యలో రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అది కూడా గమనించాను. చివరికి అన్నాడు, "క్షమాపణ గిమాపణ నాకొద్దు. రా, ఎత్తు. గని ఒక్క మాట. ఈసారి ఎవలి మీదనన్న చెయ్యి లేపినవనుకో, ఆ దినం ఎత్తింది మొత్తం కొట్టేస్త. జన్మల మల్ల రానియ్య."

"వాళ్లు లేపితే?"

"వాళ్ల సంగతి నేను జూస్త. నీ చెయ్యి నువ్వు జూస్కో."

సరేనన్నాను.

పోటీ మళ్లీ కామారెడ్డిలోనే, ఇంకో ఫంక్షన్ హాల్లో. బరువు తూచే గదిలో తమ్ముడు నా తొడలు చూశాడు. చారలు చారలుగా ఉన్నాయి. "ఏందిరా మూటా, ఇయ్యాల గూడ పిల్లను కూసోబెట్టుకున్నట్టు తొడ మీదనే పెట్టుకుంటవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను గోడ వైపు తిరిగి చొక్కా వేసుకున్నాను. వేదిక దగ్గరికి వచ్చి చూస్తే, మధ్య కుర్చీలో నిజామాబాద్ పెద్దాయన, కుడి వైపు ఎవరో కొత్తాయన, ఎడమ వైపు ఉస్తాద్. ముక్కు కాస్త వంకరగా అతుక్కుంది. ఈ మూడేళ్లలో పరీక్ష రాసి రెఫరీ అయ్యాడట. తమ్ముడు ఎత్తే పోటీలో అన్న ఎలా కూర్చుంటాడని కార్యదర్శిని అడిగాను. "మనుషులు దొరకలే. ముగ్గురిట్ల ఆయన ఒక్కడే గదా," అన్నాడు.

మొదటి రెండు రకాల్లో నేను ఎత్తిన ప్రతి బరువుకూ ఎడమ వైపు ఎర్ర జెండానే లేచింది. మిగతా రెండూ తెల్లవి కాబట్టి గడిచాను.

డెడ్‌లిఫ్ట్. మొదటి అవకాశం. రాడ్డు ఒక్క తీరుగా పైకి వచ్చింది, తొడ మీద ఆగలేదు. నిటారుగా నిలబడ్డాను, వెంటనే కింద పడేశాను. పెద్దాయన చెయ్యి దించి 'డౌన్' అనేదాకా పట్టుకోవాలి. అది నాకు తెలుసు. కానీ ఇన్నాళ్లూ బెల్టు దెబ్బకు భయపడి, పైకి రాగానే వదిలేయడం ఒంటికి అలవాటైపోయింది. మూడూ ఎర్రవి.

రెండో అవకాశం. ఈసారి పట్టుకోవాలి, పట్టుకోవాలి అనుకుంటూ వంగాను. ఆ ఆలోచనలో తొడ సంగతి మరిచాను. రాడ్డు తొడ దగ్గర నెమ్మదించింది. దెబ్బ పడలేదు. మోకాళ్లు వాటంతట అవే వంగాయి. మిల్లు మళ్లీ నాలోకి వచ్చేసింది. మూడూ ఎర్రవే. ఎడమ వైపు నుంచి చిన్నగా నవ్వు వినిపించింది.

ఇంకొక్కటే ఉంది. అదీ పోతే 2010లో జరిగిందే మళ్లీ. బావ గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన్ను వేదిక దగ్గరికి రానివ్వలేదు. నా ముఖం చూశాడు. చేసంచీలోంచి ఆ రబ్బరు బెల్టు తీశాడు. దాన్ని ఎందుకు తెచ్చాడో నాకు తెలియదు. నేను వంగి రాడ్డు పట్టుకున్నాను. లేపాను. మోకాళ్లు దాటి తొడ దగ్గరికి వచ్చి రాడ్డు బరువెక్కింది. అప్పుడు హాలంతా వినిపించేలా ఫట్‌మని మోగింది. బావ తన తొడ మీద తానే కొట్టుకున్నాడు. మళ్లీ కొట్టుకున్నాడు. నా తొడల్లోని నరాలన్నీ ఒక్కసారి లేచి గట్టిపడ్డాయి. రాడ్డు ఆగకుండా పైకి పాకింది. నిలబడ్డాను. అరచేతి చర్మం చిరిగి రాడ్డు వేళ్ల చివరలకు జారుతోంది. పెద్దాయన చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు. నెత్తురు రాడ్డు వెంట కారి చెక్క మీద పడుతోంది.

"డౌన్!"

దించాను. రెండు చేతులతో, నేలకు చేర్చేదాకా వదలకుండా దించాను. మధ్యలో తెల్లది. కుడి వైపు తెల్లది. ఎడమ వైపు ఎర్రది.

గడిచింది. బావ అక్కడ కుంటుతూ గెంతుతున్నాడు. వేరేవాళ్లయితే మొక్కి దిగిపోయేవారు. నేను ఎడమ కుర్చీ వైపు నడిచాను.

"అన్నా, ఎర్రది ఎందుకు లేపినవ్?"

"పాస్ అయినవ్ గదరా, నడువ్."

"పాస్ గురించి అడుగుతలేను. తొడ మీద ఆపిన్నా? ముందుగాల దించిన్నా? తప్పేంది, చెప్పు."

"పోరా మూటా."

"చెప్పాలె. కారణం చెప్పాలెనని రూల్ ఉంది."

ఇంకోసారి అడగనివ్వలేదు. చేతిలోని జెండా కర్రను ఎత్తి నా ముఖం మీద కొట్టాడు. కర్ర విరిగింది. కనుబొమ పగిలి ఎడమ కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. రెండోది విరిగిన మొనతోనే పొడిచాడు, చెంపలో దిగింది. "కొట్టురా! అప్పటి లెక్క కొట్టు! దమ్ముంటే కొట్టు!" అని అరుస్తున్నాడు. ఆయన గొంతు నాకు జానెడు దూరంలో ఉంది. నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. నా రెండు చేతులకూ అది చాలు. కొడితే ఇందాక లేచిన రెండు తెల్ల జెండాలూ లేనట్టే. చేతులు రెండూ చంకల్లో దోపుకుని గట్టిగా బిగించాను. ఇంకోటి పడింది. బావ జనాన్ని నెట్టుకుంటూ వస్తున్నాడు, చేతిలో బెల్టు ఉంది.

"బావా, వద్దు!" అని నేను అరిచిన అరుపుకు నా గొంతే చిరిగింది.

పెద్దాయన, కార్యదర్శి కలిసి ఉస్తాద్‌ను గుంజి కుర్చీ నుంచి లేపారు. ఆయన చోట వేరొకరిని కూర్చోబెట్టారు. కార్యదర్శి నా చేతుల వైపు చూశాడు. అవి ఇంకా చంకల్లోనే ఉన్నాయి. "నీది నిలబడ్డది," అన్నాడు.

తమ్ముడికి ఇంకా ఒక అవకాశం మిగిలింది. నా మొత్తాన్ని దాటాలంటే వాడు ఎన్నడూ ఎత్తనంత ఎత్తాలి. ఎవరో నా కంటికి తువ్వాలు కట్టారు. దాన్ని పక్కకు జరిపి, వేదిక పక్కనే కింద కూర్చుని ఒంటికన్నుతో వాడి తొడల్నే చూశాను. రాడ్డు ఆగాలి. రవ్వంత ఆగితే చాలు, నేను అరుస్తాను, ఫిర్యాదు చేస్తాను, సంఘం దాకా పోతాను. వాడు ఎత్తాడు. ముఖం ఉబ్బి ముక్కులోంచి నెత్తురు బొట్లు రాలాయి. రాడ్డు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పైకి వెళ్లింది. ఎక్కడా ఆగలేదు. ఆ హాల్లో ఆ తొడల్ని నా అంత శ్రద్ధగా చూసినవాడు లేడు. తప్పు దొరకలేదు.

వాడు మొదటి స్థానం, నేను రెండో స్థానం. మైకులో నా పేరు, నా మొత్తం చదివారు. మూట అని కాదు, పేరు. పక్కపక్కన నిలబెట్టినప్పుడు వాడు ముక్కు తుడుచుకుంటూ, "మంచిగ లేపినవ్," అన్నాడు. గొంతు మీది రాడ్డు సంగతి వాడు ఇంకా మాట్లాడలేదు.

పోయిన ఏడాది, 2014లో, రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు, కామారెడ్డి బస్టాండులో ఉస్తాద్ కనిపించాడు. మాచారెడ్డి బస్సు కోసం నిలబడ్డాడు. దగ్గరికి పోయాను. నన్ను చూసి చేతిలోని సంచీని ముందుకు అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నా, ఆనాడు ఎర్రది ఎందుకు లేపినవ్?"

"నువ్ ఇంకా మరువలేదారా?"

"లే. తప్పేంది, చెప్పు."

ఆయన బస్సెక్కాడు. నాకు ఆ బస్సుతో పని లేదు. ఎల్లారెడ్డి బస్సు పక్కనే నిలబడి ఉంది. మాచారెడ్డి బస్సే ఎక్కి, ఆయన వెనక సీట్లో కూర్చున్నాను.